శ్లోకాల అట్టలో రెండో ప్లేటు

మా అమ్మాయి ఈసారి హైదరాబాదు నుంచి వస్తూ బట్టల సంచీ కంటే పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చింది. ఏమిటే అది అంటే పాటల ప్లేట్లు వాయించే మిషనట. ఫోను మీద వేలు ఆనిస్తే లోకంలోని పాటలన్నీ వచ్చి పడుతున్న రోజుల్లో జీతం డబ్బులు పోసి ఈ తద్దినం ఎందుకు కొనుక్కున్నావే అని విసుక్కున్నాను. ఇప్పుడు కుర్రకారంతా మళ్లీ ప్లేట్లే వింటున్నారట. మేము ఎలా వదిలించుకోవాలా అని తంటాలు పడిన వస్తువులన్నీ వీళ్లకు ముచ్చటైన వస్తువులయ్యాయి. పైగా దాన్ని ప్లేటు అనకూడదు, వినైల్ అనాలట.

తాతయ్య ప్లేట్లు అటక మీద ఉన్నాయన్నావుగా అని నా వెంట పడింది. రేకు పెట్టె దించాం. మూత తీస్తే తుప్పు వాసన, దాని కింద ఎండిన వేపాకు వాసన. చాలా ప్లేట్లు వేడికి వంకర్లు పోయాయి. అడుగున శ్లోకాల ప్లేటు పెట్టుకునే అట్ట ఉంది. అందులో నుంచి రెండు ప్లేట్లు బయటికొచ్చాయి. ఒకదాని మధ్యన ఎర్ర కాగితం, దాని మీద అక్షరాలు. రెండోదాని మధ్యన ఉత్త తెల్ల కాగితం, పేరూ లేదు ఊరూ లేదు.

అమ్మాయి ఆ తెల్లకాగితపు ప్లేటును వెలుతురులోకి తిప్పి, కాగితం చుట్టూ ఉన్న నున్నటి చోట సూదితో చెక్కిన నాలుగు అక్షరాలు పట్టుకుని ఫోనులో వెతికింది. వెతికి, ఎగిరి గంతేసింది. ఏదో చల్లటి దేశంలో నలుగురు కుర్రాళ్లు ఇంటి కింద సెల్లారులో వాయించుకుని సొంతంగా వేసుకున్న ప్లేటట. పెద్ద కంపెనీలేవీ దగ్గరికి రానివ్వని సంగీతమట. పంక్ అంటారట. ఇలాంటిది మన ఇంటికెలా వచ్చిందమ్మా అని అడిగింది.

"మీ తాత తూకానికి కొన్నాడు" అన్నాను.

అది నవ్వుతూ ప్లేటు ఎక్కించి ముల్లు ఆనించింది. గది గదంతా అదిరింది. నాకు మాత్రం ముందు ముక్కుకు మిరప ఘాటు తగిలింది. అన్నం చూడాలని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. అన్నం అప్పటికే వండేసి ఉంది.

*

మా ఊరు గుంటూరుకూ ఒంగోలుకూ మధ్యన నల్లరేగడిలో ఉంటుంది. నాన్నది మైకు సెట్టు. ఊళ్లో ఏం జరుగుతోందో చూసి తెలుసుకునే వాళ్లు తక్కువ, వినే తెలుసుకునేవాళ్లు. సన్నాయి ప్లేటు పడితే పెళ్లి, హుషారు పాటలు పడితే ఎవరి పిల్లకో ఓణీ వేస్తున్నారు, శ్లోకాలు పడితే చావు. పత్తి చేలో ఉన్న ఆడవాళ్లు శ్లోకం చెవిన పడగానే నడుము ఎత్తి, అది ఏ వీధి వైపు నుంచి వస్తోందా అని ఊరివైపు చూసేవాళ్లు.

అప్పటికి క్యాసెట్లు వచ్చి చాలా కాలమైంది. పెళ్లిళ్లకు నాన్న కూడా క్యాసెట్లే వేసేవాడు. చావింట్లో మాత్రం ప్లేటే. ఎండలో క్యాసెట్టు టేపు సాగిపోయి గొంతు దీర్ఘాలు తీస్తుందని, పోయినవాళ్ల ముందు శ్లోకం అలా సాగకూడదని ఆయన పట్టుదల. అందుకని ఏడాదికోసారి మద్రాసు వెళ్లి, పాత సామాన్ల బజారులో తూకానికి అమ్మే ప్లేట్ల కట్ట ఒకటి తెచ్చేవాడు. కట్ట విప్పితే గానీ ఏం వచ్చాయో తెలిసేది కాదు. సగం అరవ పాటలే ఉండేవి.

అలాంటి కట్టలోనే వచ్చిందిది. దాని అట్ట మీద గుండ్లు కొట్టించుకున్న నలుగురు కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని అరుస్తున్నారు. ఆ బొమ్మ మసి పూసినట్టుంది. మా నాయనమ్మ దాన్ని చూసి, ఈ దయ్యం పట్టిన మొహాలు ఇంట్లో ఉంటే పాలు విరుగుతాయని, ప్లేటు తీసి పక్కన పడేసి అట్టను నీళ్ల పొయ్యిలో పెట్టేసింది. ఆ రోజు ఆ అట్ట మంట మీద కాగిన నీళ్లే అందరం పోసుకున్నాం. దిక్కులేని ఆ ప్లేటును అమ్మ తీసి, అన్నిట్లోకీ గట్టిదైన శ్లోకాల అట్టలో దూర్చింది. నాయనమ్మ చూడదని అలా చేసింది.

ఆ ప్లేటు మొదటిసారి వేసినప్పుడు నాయనమ్మ మిషను చెడిపోయిందనుకుంది. నేను చెవులు మూసుకున్నాను. నాన్న మాత్రం కదలకుండా నిలబడ్డాడు. ఆయన మొహం విప్పారింది. అంతసేపూ అమ్మ పాట వినలేదు, ఆయన మొహాన్నే చూస్తూ ఉంది. ఎందుకో నాకప్పుడు తెలియదు.

ఆ ఏడు మా ఊళ్లో చాలామంది పొద్దుతిరుగుడు వేశారు. పూలు గింజ పట్టే సమయానికి రామచిలకలు గుంపులుగా దిగాయి. డబ్బాలు కొట్టినా, వడిసెలతో రాళ్లు విసిరినా ఇటు లేచి అటు వాలేవి. చెరువు కింద ఆసామి ఒకాయన వచ్చి, నీ దగ్గర ఏదో గోల ప్లేటు ఉందటగా, మా చేలో మైకు బూర కట్టమని నాన్నను అడిగాడు. నాన్న బ్యాటరీ, బూర, ప్లేయరు సైకిలు మీద వేసుకుని వెళ్లాడు. ఆ నలుగురు కుర్రాళ్ల అరుపులు చేను మీద పడగానే చిలకలన్నీ ఒక్కసారిగా లేచి, ఆకాశం పచ్చగా అయి, ఊరు దాటిపోయాయి. ఆసామి సంతోషానికి హద్దు లేదు. మా పిల్లల సంతోషానికి అసలే లేదు. గట్టు మీద నిలబడి అర్థం తెలియని ఆ అరుపులన్నీ మేమూ అరిచాం. నాకు ఇంగ్లీషు వచ్చేసిందని తరగతిలో చెప్పుకుని తిరిగాను కూడా.

కొన్నాళ్లకు చిలకలు అలవాటు పడిపోయాయి. బూర మీదే వరసగా కూర్చుని గింజలు వలుచుకు తినడం మొదలుపెట్టాయి. పోనీలేవయ్యా, వాటికీ కాస్త పాట ఉండాలిగా అని ఆసామి నవ్వి నాన్నను పంపేశాడు.

*

నాన్నకు చెవులు పోతున్నాయని నాకు అమ్మే చెప్పింది, అదీ నేనే కనిపెట్టి అడిగాక. చిన్నప్పటి నుంచీ బూరల కింద బతికిన మనిషి. ముందు సన్నటి శబ్దాలు పోయాయి, తర్వాత మాటలు, తర్వాత పాటలు. ప్లేటు తిరగడం చూసి పాట ఆడుతోందని అనుకునేవాడు. చెవిటి మైకువాణ్ని పెళ్లికి ఎవరు పిలుస్తారు? అందుకని అమ్మా నాన్నా ఆ సంగతి నాయనమ్మకు కూడా చెప్పకుండా దాచారు.

దాచడానికి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఎక్కడ మైకు కట్టినా తనూ వెళ్లి నాన్నకు ఎదురుగా కనిపించే చోట కూర్చునేది. మైకు కూత పెడితే కొంగు తల మీదికి లాక్కునేది. శబ్దం తక్కువైతే కొంగు నడుముకు దోపేది. నాన్న ఆ కొంగు చూసి శబ్దం పెంచే తగ్గించే బిరడా తిప్పేవాడు. మొగుణ్ని వదిలి ఒక్క పూట ఉండలేదమ్మా అని ఆడవాళ్లు ఆమెను ఆటపట్టించేవాళ్లు. అమ్మ సిగ్గుపడినట్టు నవ్వేది. ఆ నవ్వు కూడా ఆ పద్ధతిలో భాగమే.

ఊరంతా పొలాల్లో ఉండి, నాయనమ్మ ఇంట్లో లేని మధ్యాహ్నాల్లో తలుపు దగ్గరికి వేసి చెవి పరీక్ష పెట్టేది. నాన్న గోడవైపు తిరిగి కూర్చుని, చెక్క స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. అమ్మ ఆ గోల ప్లేటు ఎక్కించి, తనకు తోచిన చోట ముల్లు దించేది. అది ఎన్నో పాటో నాన్న చెప్పాలి. మంచి మంచి పాటలేవీ ఆయన చెవికి ఎక్కేవి కావు, అదొక్కటే ఎక్కేది. కొంత చెవితో, కొంత అరచేతితో పట్టుకునేవాడు. సరిగ్గా చెప్పినప్పుడల్లా అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లు ఆయనకు వినిపించేవి కావు గానీ, వెనక్కి తిరిగి చూసి సంతోషపడేవాడు.

మిరప కల్లాలు మొదలయ్యాక మా ఊళ్లో దగ్గని మనిషి ఉండేవాడు కాదు. ఎక్కడ చూసినా ఎర్రగా పరిచిన కాయలు, గాలి వీస్తే కళ్లల్లో నీళ్లు. బళ్లో పంతులు దగ్గుతూ పాఠం చెప్పేవాడు, మేము దగ్గుతూ అప్పజెప్పేవాళ్లం. అమ్మ రోజూ కల్లంలో తాలుకాయలు ఏరడానికి వెళ్లి, సాయంత్రం వచ్చి, మండే చేతులు మజ్జిగలో ముంచి కూర్చునేది. ఆ మంట చేతులతోనే పండుమిరపకాయలు చింతపండు వేసి రోట్లో నూరేది. వేడన్నంలో ఆ పచ్చడి, పైన నెయ్యి, పక్కన ఉల్లిపాయ. ఇప్పుడు ఎన్ని రకాలు చేసుకున్నా నా నాలుక మీదికి రావాల్సిన రుచి అది, రాదు.

అమ్మ కల్లానికి వెళ్లని ఒక మధ్యాహ్నం పరీక్ష జరుగుతోంది. అమ్మ ముల్లు దించి వంగి ఉండగానే దగ్గు తెర వచ్చింది. ఆపుకోబోయింది, చెయ్యి అదిరి ముల్లు ప్లేటు మీద అడ్డంగా కోసుకుపోయింది. రెండో పాట మధ్యలో గాటు పడింది. నాన్న చటుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏంది, ముల్లు దూకింది?"

"ఏం లేదులే, చెయ్యి జారింది" అంది అమ్మ, నోరు ఆయనకు కనపడేట్టు పెట్టి.

కల్లంలో పనిచేసే మనిషి దగ్గితే అదొక విశేషమా? నేనూ పట్టించుకోలేదు, ఎవరూ పట్టించుకోలేదు.

*

ఉగాది వెళ్లింది. కాయలు గోనె టిక్కీలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోయాయి. కల్లాలు ఊడ్చేశారు. ఊళ్లో దగ్గులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మ దగ్గు ఆగలేదు. ఊరంతా దగ్గుతున్నప్పుడు ఎవరికీ వినపడని దగ్గు ఇప్పుడు వీధి చివరకు వినపడుతోంది. నాన్నకు తప్ప.

ఒకరోజు పొద్దున నాన్న చద్దన్నం తింటున్నాడు. అమ్మ పచ్చడి వడ్డించి, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లి దగ్గి వచ్చింది. నాయనమ్మ వసారాలో కూర్చుని అంతా చూస్తోంది. ఆమెకు ఒళ్లు మండింది.

"ఒరేయ్ అబ్బాయ్, పక్కన మనిషి తెల్లార్లూ అట్టా దగ్గుతుంటే నీకు నిద్ర ఎట్టా పడుతుందిరా? మనిషివా, మానువా?"

నాన్న తింటూనే ఉన్నాడు. నాయనమ్మ లేచి వచ్చి ఆయన ముందు నిలబడి అదే మాట మళ్లీ అంది. ఈసారి ఆయన ఆమె పెదాలు చూశాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మవైపు తిరిగాడు.

"దగ్గుతున్నావా?"

ఆ ఒక్క మాటతో ఇంట్లో దాచిన రెండు సంగతులూ బయటపడ్డాయి. నాయనమ్మ ఆయన చెవులవైపు చూసి, గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె ఆ తర్వాత నాన్నను తిట్టగా నేను వినలేదు.

గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించారు. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, ముందే తీసుకొచ్చి ఉండాల్సిందని అన్నారు. మందులు వాడాం. ఆ రోజు నుంచి నాన్న అమ్మ వీపు మీద అరచెయ్యి ఆనించి పడుకునేవాడు. ఆమె దగ్గితే చేతికి తెలిసి లేచేవాడు, నీళ్లు పట్టేవాడు. స్పీకరు పెట్టెతో నేర్చుకున్న విద్య అలా పనికొచ్చింది. ఏం పనికొచ్చి ఏం లాభం? అప్పటికే ఆలస్యమైపోయింది. పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్న రోజుల్లో అమ్మ పోయింది.

పక్కూరి మైకు పిలిపిస్తామని ఊరివాళ్లు అన్నారు. నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. తనే నిచ్చెన వేసుకుని బూర కట్టాడు. తనే ప్లేయరు అరుగు మీద పెట్టి, శ్లోకాల అట్టలో చెయ్యి పెట్టి ప్లేటు తీసి ఎక్కించి, ముల్లు ఆనించాడు. స్పీకరు పెట్టె కూడా తగిలించి, దాని మీద అరచెయ్యి వేసి తల వంచుకు కూర్చున్నాడు.

బూరలో నుంచి ఆ నలుగురు కుర్రాళ్ల అరుపులు ఊరి మీద పడ్డాయి.

ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపేశారు. పాడె కడుతున్నవాళ్లు తాడు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఎవరో పిల్లవాడు నవ్వబోతే వాళ్లమ్మ నోరు మూసింది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మ పోయిన దుఃఖం కంటే, నాన్నను అందరూ అలా చూస్తున్నారే అన్న దుఃఖమే ఆ క్షణంలో ఎక్కువైంది. ఊరి పెద్ద ఒకాయన ముల్లు లేపడానికి అరుగు వైపు నడిచాడు. అమ్మ తల దగ్గర కూర్చున్న నాయనమ్మ లేచి ఆయనకు అడ్డం వెళ్లింది.

"కూర్చో తమ్ముడూ. వాడికి వినపడదు. శ్లోకం అనుకుంటున్నాడు. ఆ కాసేపన్నా అనుకోనీ."

ఆమె గొంతు చిన్నది కాదు. ఊరంతా విన్నది. పెద్దాయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పొలాల నుంచి వచ్చినవాళ్లు గడపలో ఆగి, సంగతి తెలుసుకుని, తలగుడ్డలు తీసి కూర్చున్నారు. ప్లేటు ఆ వైపంతా అయిపోయేదాకా ఊరు ఊరంతా ఆ గోలను శ్లోకంలా విన్నది. మధ్యలో ఒకచోట ముల్లు టక్కున దూకింది. నాన్న తల ఎత్తలేదు గానీ పెట్టె మీద ఆయన వేళ్లు ముడుచుకున్నాయి.

*

ఆ తర్వాత నాన్నను మైకు కట్టమని ఎవరూ పిలవలేదు. ఎవరూ తప్పుగా మాట్లాడలేదు, హేళన చేయలేదు, పిలవలేదంతే. బూరలు ఎవరో కుర్రాళ్లు కొనుక్కుపోయారు. నాన్న పత్తి జిన్నింగు మిల్లులో చేరాడు. ఆ మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అక్కడ ఆయన నలుగురితో సమానంగా బతికాడు. ఇప్పుడా మిల్లూ లేదు, మా కల్లాల చోట ప్లాట్ల రాళ్లు పాతారు, పొద్దుతిరుగుడు ఎవరూ వేయడం లేదు. శ్లోకాలు ఇప్పుడు ఫోనులోనుంచి వేస్తున్నారు, ఎండకు సాగవు.

మా అమ్మాయి పుట్టినప్పుడు నాన్న చూడటానికి వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. పిల్లను భుజాన వేసుకుని వీపు మీద అరచెయ్యి ఆనించి తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం అలా తిరుగుతూ తిరుగుతూ నా ముందు ఆగాడు. చెవుడు వచ్చాక ఆయన మాటలు తగ్గిపోయాయి. అందుకే ఆయన నోరు విప్పితే నేను పని ఆపేసేదాన్ని.

"మీ అమ్మ పోయిన రోజున అందరూ పొరపాటనుకున్నారు. నేనూ అనుకోనిచ్చా. చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదుగా అమ్మా, ఎర్ర కాగితమేదో తెల్ల కాగితమేదో తెలియకపోద్దా?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎందుకు అని అడగాల్సిన పని లేకపోయింది.

"శ్లోకం వేస్తే ఊరంతా వింటది, నాకు తప్ప. నెలల తరబడి నా పక్కనే దగ్గింది. ఆ గాటు దగ్గుకే పడిందని ఆసుపత్రికి వెళ్లొచ్చాక చెప్పింది. ఆ నెలల్లో నాకందిన దగ్గు ఆ ప్లేటులో ఉన్నదొక్కటే."

పిల్లను నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయాడు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నాయనమ్మ అప్పటికే పోయింది. ఆమెకు నిజం తెలియదు. తెలిసినా ఆ పెద్దాయనకు అడ్డం వెళ్లేదనే అనుకుంటాను.

*

వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో. మొదటి పాట అయిపోయి రెండోది మొదలైంది. పేరు తెలియదు, ఒక్క ముక్క అర్థం తెలియదు, కానీ రెండోదని తెలుస్తోంది. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి అరిచిన అరుపు నోటిదాకా వచ్చి ఆగింది. హాల్లోకి వెళ్లాను.

అమ్మాయి ప్లేటు మీదికి వంగి చూస్తోంది. "ఇక్కడ గాటు ఉందమ్మా, అయ్యో, మంచి పాట మధ్యలో. ముల్లు దూకుతుంది. లేపి అవతల పెడతానుండు" అని చెయ్యి చాపింది.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"లేపమాక. అక్కడ మీ అమ్మమ్మ ఉంది."

అది నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను కింద కూర్చుని, గోడవైపు తిరిగి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను. ముల్లు ఆ గాటు మీద దూకేదాకా ఉండి, తర్వాత మొదటినుంచి మళ్లీ పెట్టమన్నాను.